కేమ్ ఆఫ్ అంటే కింద పడటమా, మందు మానేయడమా: ఒక నర్సుతో పద్నాలుగు వారాలు

"ఐ కేమ్ ఆఫ్ మై వాటర్ ట్యాబ్లెట్స్ అబౌట్ అ ఫోర్ట్‌నైట్ అగో."

పేషెంట్ పాత్రలో ఉండి నేను ఈ వాక్యం చెప్పాను. ఎదురుగా నర్సు పాత్రలో ఉన్నావిడ నిజంగానే నర్సు. అప్పటికి విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఆరేళ్లుగా పనిచేస్తోంది. ఒక్క క్షణం ఆగి, ఎంతో ఆప్యాయంగా, "ఐయామ్ సో సారీ, డిడ్ యు హర్ట్ యువర్సెల్ఫ్?" అని అడిగింది. నేను ఎక్కడి నుంచో కింద పడ్డాననుకుంది.

నేను చెప్పింది వేరు. ఒంట్లో నీరు తగ్గడానికి వేసుకునే మాత్రలు రెండు వారాల కిందట మానేశానని. గుండె జబ్బు ఉన్న మనిషి ఆ మాత్రలు మానేస్తే కాళ్లు వాస్తాయి, పడుకుంటే ఆయాసం వస్తుంది. ఆ సంభాషణ మొత్తంలో నర్సు పట్టుకోవలసిన ముక్క అదొక్కటే. అదే జారిపోయింది. మిగతా ఐదు నిమిషాలూ ఆమె చక్కటి ఇంగ్లిష్‌లో, లేని దెబ్బ గురించి నన్ను ఓదార్చింది.

ఇంగ్లిష్ నేర్పడం నా వృత్తి. విదేశాలకు వెళ్లే నర్సులకు నేర్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఈ ఒక్క కేసు నా పాఠం చెప్పే పద్ధతినే మార్చేసింది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ నర్సింగ్. మొదట జర్మనీ వెళ్దామని ఆరు నెలలు జర్మన్ నేర్చుకుంది. ఇంట్లో పరిస్థితులు మారి, బ్రిటన్ వైపు తిరిగింది. అక్కడ నర్సుగా రిజిస్టర్ కావాలంటే ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్, అందరూ ఓఈటీ అనే పరీక్ష, ఒక దారి. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింటిలో బి గ్రేడు, అంటే 350 రావాలి. రైటింగ్‌లో సి ప్లస్, అంటే 300 సరిపోతుంది. ఆమె అప్పటికే రెండుసార్లు రాసింది. రీడింగ్, రైటింగ్ ఇబ్బంది లేదు. లిజనింగ్‌లో ఒకసారి 310, ఇంకోసారి 320. స్పీకింగ్‌లో 330 దగ్గర ఆగింది.

గ్రామర్ తెలియక కాదు. డిస్కంటిన్యూ, వామిట్, ఫెయింట్, అపెటైట్, రికరెన్స్ లాంటి మాటలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. పాఠ్యపుస్తకాలన్నీ ఆ మాటలతోనే ఉంటాయి. ఇంగ్లిష్‌లో అవి లాటిన్ నుంచి, ఫ్రెంచి నుంచి వచ్చిన పెద్దింటి మాటలు. మంచం మీద మూలిగే మనిషి అలా మాట్లాడడు. వామిట్ అయిందనడు, "బ్రాట్ ఇట్ ఆల్ అప్" అంటాడు. ఫెయింట్ అయ్యాననడు, "పాస్డ్ ఔట్" అంటాడు. చిన్న క్రియ, దాని పక్కన అప్, ఆఫ్, ఆన్, ఔట్, డౌన్ లాంటి ఇంకో చిన్న మాట. రెండూ కలిస్తే విడివిడి అర్థాలతో పొంతన లేని మూడో అర్థం. వీటినే ఫ్రేజల్ వెర్బ్స్ అంటాం.

అవి కూడా ఆమె చదవలేదని కాదు. అంతకుముందు వెళ్లిన కోచింగ్‌లో కొన్ని వందల ఫ్రేజల్ వెర్బ్స్‌కి తెలుగు అర్థాలు రాసిన కాగితాలు ఇచ్చారు. వాటిని బైండింగ్ చేయించుకుని మరీ తెచ్చింది. అందులో కమ్ ఆఫ్‌కి "ఊడిపోవు" అని ఉంది. బటన్ ఊడిపోవడానికి ఆ అర్థం సరిపోతుంది. సైకిల్ మీంచి పడ్డా కమ్ ఆఫే. ఆమె ఊహ అక్కడి నుంచే వచ్చింది. అంటే ఆమె తప్పు వినలేదు. తనకు నేర్పినదాన్నే తెచ్చి అక్కడ పెట్టింది.

మొదటి ఐదు రోల్‌ప్లేలు రికార్డు చేసి, మాట మాటా కాగితం మీద పెట్టాను. సంభాషణ తెగిన చోట్లన్నీ రెండు కుప్పలుగా పడ్డాయి. ఒకటి ఫ్రేజల్ వెర్బ్స్. రెండోది టైమ్: ఎప్పటి నుంచి, ఎంతసేపు, ఎప్పటికి, ఎన్నిసార్లు. వీటిని రెండు వేరు వేరు జబ్బులనుకుని విడివిడిగా వైద్యం మొదలుపెట్టాను. అది పొరపాటని నాలుగో వారం దాకా తెలియలేదు.

మొదటి మూడు వారాలు ఎందుకు పనిచేయలేదు

చిన్న మాటలకు ఒక పట్టిక వేశాను. అప్ అంటే పని పూర్తవడం, ఆఫ్ అంటే విడిపోవడం, ఆన్ అంటే కొనసాగడం. ఈట్ అప్ అంటే తినేయడం, డ్రింక్ అప్ అంటే తాగేయడం. వినడానికి బాగానే ఉంది, ఆమెకూ నచ్చింది. రెండో వారంలో పేషెంట్‌తో "స్లీప్ అప్" అంది. పూర్తిగా నిద్రపొమ్మని ఆమె ఉద్దేశం. అలాంటి మాట ఇంగ్లిష్‌లో లేదు. "సిట్ అప్" అంటే అలాగే కూర్చుండిపొమ్మని అనుకుంది. పడుకున్నవాళ్లని లేచి కూర్చోమనడం అది.

పట్టిక అబద్ధం కాదు, సగం నిజం. సగం నిజం పరీక్ష హాల్లో పూర్తి అజ్ఞానం కంటే ఎక్కువ టెన్షన్ పెడుతుంది. మనిషి వినడం మానేసి, మనసులో పట్టిక తిరగేస్తూ కూర్చుంటుంది. లిజనింగ్ పరీక్షలో మొదటి భాగం రెండు కన్సల్టేషన్లు, మొత్తం 24 ఖాళీలు. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. పట్టిక తిరగేసేంత సమయం ఎవరికీ ఉండదు.

మలయాళం సిస్టర్

నాలుగో వారం ఒకరోజు నైట్ డ్యూటీ దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా క్లాసులో కూర్చుంది. పాఠం వినే ఓపిక లేదని ముఖమే చెబుతోంది. "ఈరోజు పాఠం వద్దులెండి, రాత్రి ఎలా గడిచిందో చెప్పండి" అన్నాను. చెప్పింది.

"ఒక ముసలావిడ మేడమ్. 'కడుపులో తిప్పుతోంది సిస్టరూ, రెండ్రోజుల్నించి అన్నం సయించట్లేదు, ఇందాక తిన్నదంతా కక్కేశా, ఒళ్లు తూలిపోతోంది' అని ఒకటే గోల. మా వార్డులో కొత్తగా కేరళ సిస్టర్ చేరింది. తెలుగు బాగానే నేర్చుకుంది పాపం. నొప్పి ఎక్కడ, జ్వరం ఉందా, వాంతులు అయ్యాయా, అన్నీ అడుగుతుంది. కానీ ఆవిడ చెప్పేది ఒక్క ముక్క అర్థం కాలేదు. నేనే వెళ్లి చెప్పాల్సి వచ్చింది."

నేను కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాను: "బ్రిటన్‌లో ఆ కేరళ సిస్టర్ మీరే కదా."

ఆమెకు వెంటనే తట్టింది. ఆ కేరళ సిస్టర్‌కి వాంతి అనే మాట తెలుసు. కక్కేశా తెలియదు. తినడం తెలుసు, సయించకపోవడం తెలియదు. తిప్పడం తెలుసు, కడుపులో తిప్పడం తెలియదు. మన పేషెంట్లు కూడా పాఠ్యపుస్తకంలోలా మాట్లాడరు. ఆ భాషను ఆరేళ్లుగా అర్థం చేసుకుంటూ, డాక్టరుకు కేస్‌షీట్ భాషలోకి మార్చి చెబుతున్న మనిషి నా ఎదురుగా కూర్చుని ఉంది. నేనేమో ఆమెకు ఏమీ రానట్టు ఏబీసీడీల నుంచి మొదలుపెట్టాను.

ఫ్రేజల్ వెర్బ్స్ మన బుద్ధికి కొత్తవి కావు. కొట్టడం అంటే దెబ్బ వేయడం. కొట్టేయడం అంటే దొంగతనం. కోర్టు పిటిషన్ కొట్టేసిందంటే ఇంకోటి. ఎగ్గొట్టడం అప్పు సంగతి, లేకపోతే కాలేజీ సంగతి. ఏ తెలుగు పిల్లాడికీ ఎవరూ వీటికి పట్టిక వేసి నేర్పలేదు. ఎవరు, ఎప్పుడు, దేని గురించి అంటున్నారో చూసి పట్టుకున్నాం. ఇంగ్లిష్‌కీ అదే దారి.

ఆ రోజు నుంచి హోంవర్క్ మార్చాను. ప్రతి డ్యూటీలో ముగ్గురు పేషెంట్లు తమ బాధను ఏ మాటల్లో చెప్పారో, అచ్చంగా ఆ మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకురమ్మన్నాను. పేర్లు వద్దు, జబ్బు వివరాలు వద్దు, మాటలు చాలు. క్లాసులో కూర్చుని ఒక్కో మాటకు, బ్రిటన్ పేషెంట్ అయితే ఇదే బాధను ఎలా అంటాడో రాసుకున్నాం. ఇంగ్లిష్ నుంచి తెలుగుకు వచ్చే దారి మూసేసి, తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి వెళ్లాం.

అన్నం సయించట్లేదు: "ఐ హావ్ గాన్ ఆఫ్ మై ఫుడ్." ఇది మొదటిసారి విన్నప్పుడు ఆమె తిండి పాడైపోయిందనుకుంది. పాలు విరిగినా, కూర పాచిపోయినా గో ఆఫే మరి. ఎవరు ఆఫ్ అయ్యారో చూడాలి. పాలు ఆఫ్ అయితే పాలు పాడైనట్టు. మనిషి తిండి నుంచి ఆఫ్ అయితే ఆకలి చచ్చినట్టు.

సొమ్మసిల్లి పడిపోయాను: "ఐ పాస్డ్ ఔట్." తెలివొచ్చింది: "కేమ్ రౌండ్." ఇక్కడ ఒక హెచ్చరిక. మనవాళ్లు 2016లో పాసౌట్ అయ్యానంటే చదువు పూర్తయిందని. బ్రిటన్‌లో ఇంటర్వ్యూలో అలా అంటే, అప్పుడు మీకు ఏమైందని అడుగుతారు. ఆమె రెజ్యూమెలో ఆ మాట రెండు చోట్ల ఉంది, తీసేయించాను.

కునుకు పట్టింది: "డ్రాప్డ్ ఆఫ్." దద్దుర్లు లేచాయి: "కేమ్ ఔట్ ఇన్ అ రాష్." కాలు వాచింది, వాపు తీసింది: "స్వెల్డ్ అప్, వెంట్ డౌన్." జ్వరం తిరగబెట్టింది: "ఇట్స్ కమ్ బ్యాక్." మందు పనిచేసినంతసేపు చేసి దిగిపోయింది: "ఇట్స్ వోర్న్ ఆఫ్." ఐదారు వారాల్లో నోట్‌బుక్‌లో తొంభై దాకా చేరాయి. బ్రిటన్‌లో సరైన జోడీ దొరకనివి కొట్టేశాం. "కాళ్లు పీకేస్తున్నాయి" అనే దానికి ఎంత వెతికినా అంత ముద్దొచ్చే మాట దొరకలేదు. "మై లెగ్స్ ఏక్" దగ్గర సర్దుకున్నాం.

ఆన్, ఆఫ్ అనే రెండు మాటలు మనకు స్విచ్‌ల ద్వారా ఇంట్లోకి వచ్చేశాయి. ఫ్యాన్ ఆన్ చెయ్, లైట్ ఆఫ్ చెయ్ అనని తెలుగు ఇల్లు లేదు. వార్డులో ఇవి బాగా పనికొచ్చాయి. మందు మనిషి మీద ఆన్‌లో ఉంటే "హి ఈజ్ ఆన్ యాంటీబయాటిక్స్." డాక్టర్ మొదలుపెడితే "పుట్ మీ ఆన్ దెమ్." ఆపిస్తే "టుక్ మీ ఆఫ్ దెమ్." ఇక మన మొదటి వాక్యం, "కేమ్ ఆఫ్". ఇందులో ఒక ముఖ్యమైన సంగతి దాగుంది. టుక్ మీ ఆఫ్ అంటే ఆపించింది డాక్టరని తెలుస్తుంది. కేమ్ ఆఫ్ అంటే మందు ఆగిందని మాత్రమే తెలుస్తుంది, ఎవరు ఆపారో తెలియదు. మనకు మానేశాను వేరు, ఆపమన్నారు వేరు. అందుకని కేమ్ ఆఫ్ వినగానే నర్సు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మీ అంతట మీరే మానేశారా, ఎవరైనా మానేయమన్నారా? ఈ ప్రశ్న అడగడం ఆమె రోల్‌ప్లేల్లో పెద్ద మార్పు తెచ్చింది. స్పీకింగ్ పరీక్షలో ఉచ్చారణ, గ్రామర్‌తో పాటు పేషెంట్ నుంచి సమాచారం రాబట్టడానికి కూడా మార్కులుంటాయి. ఆ ప్రశ్నతో అర్థం అయ్యిందీ తెలుస్తుంది, శ్రద్ధా తెలుస్తుంది.

వినడంలో ఇంకో అడ్డు ఉండేది. కాగితం మీద తెలిసిన మాట కూడా చెవికి తెలిసేది కాదు. "బ్రాట్ ఇట్ అప్" అని ఎవరూ విడగొట్టి చెప్పరు. "బ్రాటిటప్" అని ఒకే మాటగా దొర్లుతుంది. "గాన్ ఆఫ్" కాస్తా "గానాఫ్" అవుతుంది. స్కూల్లో నేర్చుకున్న సంధులు గుర్తుచేశాను. రాముడు, ఎక్కడ కలిసి రాముడెక్కడ అయినప్పుడు మనం తికమకపడం కదా. ఇంగ్లిష్‌లో హల్లు మీద ఆగిన మాట పక్కన అచ్చుతో మొదలయ్యే మాట వస్తే రెండూ అతుక్కుంటాయి. ఆఫ్, అప్, ఆన్, ఔట్ అన్నీ అచ్చుతోనే మొదలవుతాయి కాబట్టి ఫ్రేజల్ వెర్బ్స్‌లో ఇది అడుగడుగునా జరుగుతుంది. వారం రోజులు మేం చేసిన పని, విన్న వాక్యాలను సంధి విడదీయడం. బీఎస్సీ చదివిన మనిషి ఏడో తరగతి తెలుగు పీరియడ్‌లోలా నవ్వుతూ చేసింది. లిజనింగ్‌కి ఇంతకంటే ఉపయోగపడిన పని నేను చేయించలేదు.

గీత

రెండు జబ్బులు ఒకటేనని తెలిసింది ఈ నోట్‌బుక్ తిరగేస్తుంటేనే. పేషెంట్లు వాడే ఫ్రేజల్ వెర్బ్స్‌లో ఎక్కువ భాగం టైమ్ గురించే. బాధ మొదలైంది, ఆగి ఆగి వస్తోంది, ఎక్కువైంది, కాస్త తగ్గింది, పూర్తిగా పోయింది, మళ్లీ వచ్చింది. తెలుగులో ఈ పనిని "వస్తూనే ఉంది", "తగ్గుముఖం పట్టింది", "తిరగబెట్టింది" లాంటి మాటలు చేస్తాయి. ఇంగ్లిష్‌లో ఆన్, ఆఫ్, అప్, డౌన్ చేస్తాయి.

అందుకని ఏ వాక్యం విన్నా ముందు ఒక గీత గీయమన్నాను. ఎడమ నుంచి కుడికి కాలం, కింద నుంచి పైకి బాధ. "ఇట్ కేమ్ ఆన్ సడన్లీ": ఒక్కసారిగా నిలువుగా లేచే గీత. "ఆన్ అండ్ ఆఫ్": తెగి తెగి ఉన్న ముక్కలు. "ఫ్లేర్డ్ అప్": చల్లారిన చోట మళ్లీ మంట లేచినట్టు ఒక కొండ. "ఈజ్డ్ ఆఫ్": కిందికి జారుతుంది కానీ నేలకు తగలదు. "క్లియర్డ్ అప్": నేలకు తగులుతుంది. "హాజ్‌ంట్ లెట్ అప్": ఎక్కడా దిగకుండా పైనే సాగే గీత.

ఈజ్డ్ ఆఫ్‌కీ క్లియర్డ్ అప్‌కీ తేడా మాటల్లో చెబితే ఆమె మర్చిపోయేది. నేలకు తగిలిందా లేదా అని గీశాక ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. గీత కింద టైమ్ గుర్తులు వేయమన్నాను: ఎప్పుడు మొదలు, ఇప్పుడు ఎక్కడ. అంతే, రెండు కుప్పలూ ఒకే కాగితం మీదికి వచ్చాయి.

టైమ్ దగ్గర జరిగినవి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఫ్రేజల్ వెర్బ్ తప్పితే మనకు అర్థం కాలేదని చాలాసార్లు మనకే తెలుస్తుంది. టైమ్ తప్పితే ఇద్దరూ అర్థమైందనే అనుకుంటారు.

మొదట మన గంట. తెలుగులో గంట అనే మాటే గడియారం చూపించే సమయానికీ వాడతాం, అరవై నిమిషాల వ్యవధికీ వాడతాం. "డాక్టరుగారు రెండు గంటల తర్వాత వస్తారు" అంటే మధ్యాహ్నం రెండు దాటాకనా, ఇప్పటి నుంచి రెండు గంటలు గడిచాకనా? సందర్భం లేకపోతే మనకూ తెలియదు. ఆమె దీన్ని "ఆఫ్టర్ టూ" అని చెప్పేది. ఇంగ్లిష్‌లో అది గడియారంలో రెండు మాత్రమే. వ్యవధి అయితే "ఇన్ టూ అవర్స్". ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. "రెండు గంటల్లో వస్తారు" అని మనమంటే ఆలోపే రావచ్చని. "ఇన్ టూ అవర్స్" అంటే ఆ రెండు గంటలూ గడిచాక. లోపే అయితే "వితిన్ టూ అవర్స్". నొప్పి మాత్ర కోసం ఎదురుచూసే మనిషికి ఈ తేడా చిన్నది కాదు.

నుంచి అనే మాట కూడా అంతే. సోమవారం నుంచి జ్వరం, మూడు రోజుల నుంచి జ్వరం. మనకు రెండింటికీ ఒకే నుంచి. ఇంగ్లిష్‌లో మొదలైన క్షణం చెబితే సిన్స్, గడిచిన వ్యవధి చెబితే ఫర్. "సిన్స్ త్రీ డేస్" అన్నా పేషెంట్ అర్థం చేసుకుంటాడు, అందుకే దీనిమీద నేను ఎక్కువ సమయం పెట్టలేదు. గీత మీద చుక్క పెడితే సిన్స్, రెండు చుక్కల మధ్య దూరం కొలిస్తే ఫర్ అని ఒకసారి చెప్పి వదిలేశాను. దీనికంటే ప్రమాదకరమైనవి వేరే ఉన్నాయి.

"ఎవ్రీ అదర్ డే" అంటే రోజు విడిచి రోజు. ఆమె మిగతా అన్ని రోజులూ అనుకుంది. అదర్ అంటే మిగతా అని నేర్చుకుంది మరి. "ఫోర్ అవర్లీ" అంటే నాలుగు గంటలకోసారి. గంటకు నాలుగుసార్లు అని రాసుకుంది. అక్కడి ఆసుపత్రుల్లో నాడి, బీపీ, ఊపిరి లాంటివి చూసి న్యూస్ టూ అనే స్కోరు వేస్తారు. స్కోరు 5 లేదా 6 వస్తే కనీసం గంటకోసారి చూడాలి, 1 నుంచి 4 మధ్య ఉంటే కనీసం నాలుగు నుంచి ఆరు గంటలకోసారి. మాటలో లీ అనే ఒక్క అక్షరం మీద ఒక మనిషిని ఎన్నిసార్లు చూస్తామన్నది ఆధారపడి ఉంటుంది.

ఫోర్ట్‌నైట్ విషయం నాకూ కొత్తగా తోచింది. ఆమె దాన్ని పక్షం అనుకుని పదిహేను రోజులు వెనక్కి లెక్కపెట్టేది. మనం రెండు వారాలను పదిహేను రోజులనే అంటాం, పక్షపత్రిక అంటే పదిహేను రోజులకోసారి. ఇంగ్లిష్ ఫోర్ట్‌నైట్ పాతకాలంలో పద్నాలుగు రాత్రులు అనే మాట కుదించుకుపోయి వచ్చింది, కచ్చితంగా 14. మందు ఆపిన తేదీ రాసేటప్పుడు ఒక రోజు తేడా పడుతుంది.

"హాఫ్ సెవెన్" దగ్గర ఆమెకు జర్మన్ అడ్డం వచ్చింది. జర్మన్‌లో హాల్ప్ జీబెన్ అంటే ఏడుకు సగం దూరంలో, అంటే ఆరున్నర. బ్రిటన్‌లో హాఫ్ సెవెన్ అంటే ఏడున్నర. మన ఏడున్నరకు మాటకు మాట సరిపోతుంది, కాబట్టి "జర్మన్ మర్చిపోండి, తెలుగులో వినండి" అన్నాను. పావు తక్కువ ఏడు అంటే "క్వార్టర్ టు సెవెన్". పావులు, అరలు చెప్పడంలో మన భాష ఇంగ్లిష్‌కి దగ్గర చుట్టం.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది రాత్రి. రైటింగ్ ప్రాక్టీసులో ఒక రెఫరల్ లెటర్‌లో పేషెంట్ సోమవారం ఏఎం రెండింటికి పడిపోయాడని రాసింది. కేస్ నోట్స్‌లో మంగళవారం అని ఉంది. అజాగ్రత్త కాదు. "సోమవారం రాత్రి రెండింటికి" అని మనమంటే ఆ రాత్రి సోమవారానిదే. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, తెల్లారేదాకా సోమవారమే. ఆసుపత్రి గడియారంలో పన్నెండు దాటగానే మంగళవారం. నైట్ డ్యూటీ చేసే నర్సుకు రోజుకు ఆరేడు గంటలు ఈ రెండు లెక్కల మధ్యే గడుస్తాయి. అప్పటి నుంచి మా క్లాసులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: పేషెంట్ నోటి మాట ఎలా ఉన్నా, రాసేటప్పుడు తేదీ, ఇరవై నాలుగు గంటల గడియారం. మాట్లాడేటప్పుడు "టూ ఇన్ ద మార్నింగ్, ట్యూస్‌డే మార్నింగ్" అని రెండూ కలిపి చెప్పి, పేషెంట్ తల ఊపేదాకా ఆగడం.

పరీక్ష, ఆ తర్వాత

పద్నాలుగో వారం పరీక్ష రాసింది. లిజనింగ్ 370, స్పీకింగ్ 380. స్పీకింగ్‌లో పేషెంట్ పాత్ర వేసినావిడ "టుక్ మీ ఆఫ్ ఇట్" అందట. "ఎవరు ఆపించారో చెబుతున్నారు కదా అని ధైర్యం వచ్చింది మేడమ్" అని ఫోన్‌లో చెప్పింది.

పూర్తిగా నయం కానివి కూడా రాయాలి. ఫ్రేజల్ వెర్బ్ మధ్యలో ఇట్ పెట్టడం దగ్గర ఇంకా తడబడుతుంది. "టేక్ ఇట్ ఆఫ్" అనాల్సిన చోట హడావిడిలో "టేక్ ఆఫ్ ఇట్" వచ్చేస్తుంది. సుదీర్ఘంగా మాట్లాడితే "ఈజ్ కమింగ్ సిన్స్ మండే" మళ్లీ తొంగిచూస్తుంది. వీటివల్ల ఎవరికీ హాని లేదు కాబట్టి నేను వదిలేశాను. హాని ఉన్న చోట మాత్రం వదల్లేదు. నా సమయమంతా అక్కడ పెట్టడమే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఆ తర్వాతి బ్యాచ్ నుంచి బైండింగ్ చేసిన లిస్టులు క్లాసుకు తీసుకురావద్దని చెబుతున్నాను. మొదటి రోజే నోట్‌బుక్ ఇచ్చి, మీ వార్డులో పేషెంట్ల మాటలు రాసుకురండి అంటున్నాను. శ్రీకాకుళం నుంచి వచ్చినామె రాసిన మాటలు, కర్నూలు నుంచి వచ్చినామె రాసిన మాటలు ఒకరికొకరికి అర్థం కాక క్లాసులో చర్చలు జరుగుతాయి. బ్రిటన్‌లో కూడా ఊరికో రకంగా మాట్లాడతారు, ఉత్తరాన చాలా ఇళ్లలో టీ అంటే సాయంత్రం భోజనం. "ఆఫ్టర్ మై టీ" అంటే కప్పు టీ తాగాక కాదు.

ఆమె ఇప్పుడు ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక వార్డులో పనిచేస్తోంది. వెళ్లిన మొదటి సంవత్సరం అక్టోబరు ఆఖరి ఆదివారం ఉదయం ఫోన్ చేసింది. అంతకుముందు సాయంత్రం హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ అప్పగించేటప్పుడు, ఎవరో "ద క్లాక్స్ గో బ్యాక్ టునైట్" అన్నారట. గడియారం వెనక్కి వెళ్లడం అంటే డ్యూటీ గంట తగ్గుతుందా పెరుగుతుందా అని రాత్రంతా ఆలోచించిందట. మన దేశంలో గడియారం ఏడాది పొడవునా ఒకేలా నడుస్తుంది, మనకు ఈ అనుభవమే లేదు. పైగా తెలుగులో ముందు, వెనక అనే మాటలు రెండు వైపులా తిరుగుతాయి. ముందు రోజు అంటే గడిచిన రోజు, ముందు ముందు అంటే రాబోయే రోజులు. వెనకటి రోజులు గడిచినవి, వెనకాల వస్తానంటే తర్వాత వస్తానని.

జరిగిందేమిటంటే, తెల్లవారుజామున రెండు కాగానే అక్కడ గడియారాన్ని ఒంటిగంటకు తిప్పుతారు. తిప్పకముందు ఉన్నది వేసవి సమయం, బీఎస్‌టీ; తిప్పాక వచ్చేది మామూలు సమయం, జీఎంటీ. ఒంటిగంట నుంచి రెండు దాకా ఉన్న గంట రెండుసార్లు వస్తుంది. డ్యూటీ ఒక గంట పెరుగుతుంది. ఆమె పేషెంట్లలో ఒకాయనకు గంటకోసారి చూడాల్సిన స్కోరు ఉంది. ఒకటిన్నరకు బీపీ చూసి 01:30 అని రాసింది. గంట తర్వాత మళ్లీ చూసింది. గోడ మీద మళ్లీ ఒకటిన్నరే.

"ఏం రాశారు?" అని అడిగాను.

"మొదటి దాని పక్కన బీఎస్‌టీ, రెండో దాని పక్కన జీఎంటీ అని రాశాను మేడమ్. పొద్దున డాక్టరుకు నోటితో కూడా చెప్పాను. ఒకే టైమ్ రెండుసార్లు ఉంటే పొరపాటున రాసిందనుకుని ఒకటి కొట్టేస్తారేమోనని."